మూత తీసిన ట్యూబు

చారుశీలకి వచ్చిన చిక్కల్లా ఒక్కటే. ఆమె కనిపెట్టిన పరీక్ష గొప్పదని ఆసుపత్రిలో అందరూ అన్నారు, తారకం మాస్టారు తప్ప. పోనీ కాదన్నారా అంటే అదీ లేదు. ఆయన ఏమీ అనలేదు.

ఏమీ అనకపోవడం మాస్టారికి పుట్టుకతో వచ్చిన విద్య. కాకినాడలో సముద్రం గాలి తగిలేంత దగ్గర్లో ఉన్న ఆ పురుళ్ళ ఆసుపత్రిలో, మేడమీద రక్తపరీక్షల ల్యాబు ఆయనది. డెబ్బై దాటాయి. ఎప్పుడో రిటైరయ్యారు గాని ల్యాబు తాళంచెవి ఇవ్వలేదు, ఎవరూ అడగనూ లేదు. చెవుడేమో అనుకుని కొత్తగా వచ్చిన నర్సులు ఆయనతో గట్టిగా అరిచి మాట్లాడేవారు. ఆయన దాన్నీ కాదనేవారు కాదు.

చారుశీల అలాంటిది కాదు. హైదరాబాదులో మంచి ఉద్యోగం వదులుకుని, మాస్టారి దగ్గర పని నేర్చుకోవాలని పట్టుబట్టి వచ్చిన పిల్ల. చేతిలో పనితనం ఉంది, బుర్రలో పదునుంది. నోరు మాత్రం ఊరుకునేది కాదు. పని చేస్తున్నంతసేపూ తను ఏం చేస్తోందో చెబుతూనే ఉండేది. వినడానికి మనుషులు లేకపోతే ఫ్రిజ్జుకి చెప్పేది.

ఆ పరీక్ష సంగతి ఇది. కడుపుతో ఉన్న తల్లి రక్తంలో బిడ్డ తాలూకు డీఎన్‌ఏ తునకలు కాసిని తేలుతూ ఉంటాయి. అవి బిడ్డని తల్లితో కలిపి ఉంచే మాయలోంచి రాలి తల్లి రక్తంలో కలుస్తాయి. మాయ సరిగ్గా కుదురుకోకపోతే ఉండాల్సినదానికన్నా ఎక్కువ రాలవచ్చు. అలాంటి తల్లుల్లో కొందరికి పోనుపోను బీపీ పెరిగి, ఒళ్ళు నీరు పట్టి, గుర్రపువాతం కమ్మి ఫిట్సొచ్చి, తల్లికీ బిడ్డకీ ప్రాణం మీదికొస్తుంది. పైకి ఏమీ కనిపించని రోజుల్లోనే ఆ తునకల్ని కొలిస్తే, ముందుగా మేలుకోవచ్చునని చారుశీల ఆశ. మంచి ఆశే.

అయితే తల్లి తునకల్లోంచి బిడ్డ తునకల్ని ఏరడం ఎలా? బిడ్డలో సగం తండ్రిది కదా. తల్లి తెల్లకణాల్లో లేని గుర్తులు, ఆమె రక్తపు తేటలో, అంటే ప్లాస్మాలో, ఎక్కడైనా కనిపిస్తే అవి బిడ్డవన్నమాట. ఆడో మగో చెప్పేసే గుర్తుల జోలికి ఆమె పోలేదు. దానికి చట్టమూ ఒప్పుకోదు, ఆమె మనసూ ఒప్పుకోలేదు. మిగతా గుర్తులతోనే పని నడిపించింది.

"తల్లిది కానిది బిడ్డది" అని ఒక అట్టమీద పెద్ద అక్షరాలతో రాసి ల్యాబు గోడకి అంటించింది. మాస్టారు ఆ అట్ట ముందు చాలాసేపు నిలబడి చదివారు. ఏమీ అనకుండా వెళ్ళి తన కుర్చీలో కూర్చున్నారు.

చారుశీలకి ఆ పూట భోజనం సయించలేదు.

* * *

ఆ రోజుల్లోనే ఉప్పాడ వైపు నుంచి నూకరత్నం అని ఒక అమ్మాయి వచ్చింది. అయిదో నెల. వెంట అత్తగారు కాసులమ్మ. కాసులమ్మ చేపలమ్మే మనిషి. ఆమె మెల్లిగా మాట్లాడినా వీధి చివరిదాకా వినిపిస్తుంది.

నూకరత్నానికి ఇది రెండో కాన్పు. మొదటిసారి ఎనిమిదో నెలలో ఉన్నట్టుండి గుర్రపువాతం వచ్చింది. బిడ్డ దక్కలేదు. నూకరత్నం దక్కడమే గగనమైంది.

"సీమంతానికి రెండు సేతులకీ నిండా గాజులేసేనండి," అంది కాసులమ్మ. "ఆ గాజులన్నీ ఆసుపత్రిలో నర్సమ్మ పగలగొట్టి తీసిందండి, సూదెయ్యాలని. ఆ సప్పుడు నా సెవుల్లోంచి ఇప్పటికీ పోలేదు. ఈసారి గాజుల మాట నేనెత్తను డాట్రమ్మగోరూ. మీరు రగతం సూసి మంచిదంటేనే కొంటాను."

నూకరత్నం బోసి మణికట్టు మీద చెయ్యేసుకుని కూర్చుంది. అది చూసి చారుశీల ఈ పిల్లకి తన పరీక్ష అక్కరకొస్తే చాలు, ఇన్నాళ్ళ కష్టానికి ఫలితం దక్కినట్టేననుకుంది.

నూకరత్నం రక్తం తీసి, తేట వేరుచేసి ఉంచింది. మర్నాడు ఆ ట్యూబు మూత తీసే వేళకి ఆసుపత్రికి విరాళాలిచ్చే పెద్దమనుషులు మేడమీదికొచ్చారు. ఇది ఏమిటి, అది ఏమిటి అని అడిగారు. అడగడమే ఆలస్యం. చారుశీల మాస్కు గడ్డం కిందికి లాగి, ట్యూబు చేత్తో పట్టుకుని, మాయ దగ్గర మొదలుపెట్టి గుర్రపువాతం దాకా గుక్క తిప్పుకోకుండా చెప్పింది. చెబుతూనే మూత తీసింది, చెబుతూనే మిషన్లోకెక్కించే గిన్నెల్లో పోసింది. పెద్దమనుషులు చప్పట్లు కొట్టారు. ఒకాయన కళ్ళు తుడుచుకున్నాడు కూడా.

ల్యాబు చివర కుర్చీలో మాస్టారు పేపరు చదువుకుంటున్నారు. పేపరు పైనుంచి ఒకసారి ఇటు చూశారు.

లెక్క వచ్చింది. ఉండాల్సినదానికన్నా చాలా పైన ఉంది.

చారుశీలకి నూకరత్నం తలపుకొచ్చి కళ్ళు చెమర్చాయి. అబద్ధమెందుకు, లోపల ఓ మూల సంతోషమూ కలిగింది. పరీక్ష పట్టేసింది కదా! బయటిదేమైనా కలిసిందేమో తెలియడానికి వరసలో పెట్టిన ఉత్తనీళ్ళ ట్యూబులో ఏ గుర్తూ కనిపించలేదు. అంటే పని శుభ్రంగానే జరిగింది. ఆ నీళ్ళ ట్యూబుని పెద్దమనుషులు రాకముందే నింపేసిందన్న సంగతి ఆమెకి తట్టలేదు. ఉత్తనీళ్ళ గురించి ఎవరికి మాత్రం ఏం చెబుతాం?

మాస్టారి దగ్గరికి వెళ్ళింది.

"నూకరత్నానికి లెక్క బాగా పైన ఉంది మాస్టారూ. గురువారం వస్తారు. వార్డులో చేరిపొమ్మని చెప్పేస్తాను. కింద డాక్టరుగారు కూడా, మీకు నమ్మకమైతే చేర్చుకుంటానన్నారు."

"సీమంతం?"

"ఇప్పుడు సీమంతం ఏమిటండీ! అసలా మాట తలపెట్టొద్దని చెబుతాను."

మాస్టారు పేపరు మడిచారు.

"గురువారమే కదా. ఈలోగా నాకో పని చేసిపెట్టు."

* * *

మర్నాడు పొద్దున్నే మాస్టారు ఒక రక్తం ట్యూబు తెచ్చి ఆమె చేతిలో పెట్టారు. దాని మీద పేరు లేదు.

"ఎవరిదండీ?"

"నాకు బాగా తెలిసినవాళ్ళది. నూకరత్నానికి ఎలా చేశావో దీనికీ అలాగే చెయ్యి."

మాస్టారంతటివారు తన పరీక్షకి తెలిసినవాళ్ళ రక్తం ఇచ్చారంటే ఇక ఒప్పుకోనిదేముంది? చారుశీల కాళ్ళు నేల మీద ఆనలేదు. ఆయన అక్కడితో ఊరుకోకుండా స్టూలు లాక్కుని ఆమె పక్కనే కూర్చున్నారు. ఎన్నడూ లేని వింత అది.

తేట వేరుచేసి, ఆమె ట్యూబు మూత మీద చెయ్యి వేసేసరికి మాస్టారు గోడకేసి చూపించారు.

"ఆ అట్ట మీద ఏదో రాశావు. అదేమిటో ఓసారి చెప్పమ్మాయ్."

ఇంకేముంది. మాస్కు గడ్డం కిందికి దిగింది. ఇన్నాళ్ళూ ఫ్రిజ్జుకి చెప్పుకున్నదంతా ఆ పూట మాస్టారికి చెప్పింది. ఆయన ఊ కొట్టారు. మధ్యలో ఒకటి రెండు ప్రశ్నలు కూడా వేశారు, ఆమె మరింత ఉత్సాహంగా చెప్పేటట్టు. ఆమె చెప్పడమూ, తేటని గిన్నెల్లో పోయడమూ ఒకేసారి అయిపోయాయి.

"బాగా చెప్పావు," అన్నారు మాస్టారు. లేచి వెళ్ళిపోయారు.

మాస్టారి నోట ఆ మాట విన్న చారుశీల, అమ్మకి ఫోన్ చేసి మరీ చెప్పుకుంది.

* * *

గురువారం వచ్చింది. కింద వరండాలో నూకరత్నం, కాసులమ్మ బెంచీ మీద కూర్చున్నారు. కాసులమ్మ ఎవరితోనో బేరమాడుతున్నట్టు దేవుడికి దణ్ణాలు పెట్టుకోవడం మేడమీదికి వినిపిస్తోంది.

మాస్టారిచ్చిన ట్యూబు లెక్క అప్పుడే చేతికొచ్చింది. చారుశీల అది చూసి, పరుగులాంటి నడకతో ఆయన కుర్చీ దగ్గరికి వెళ్ళింది.

"మాస్టారూ, మీకు తెలిసినావిడ ఎక్కడుంటారండీ?"

"ఈ ఊళ్ళోనే. ఏం?"

"వెంటనే పిలిపించండి. ఆవిడ లెక్క నూకరత్నం కన్నా పైన ఉంది. ఇది ఆషామాషీ వ్యవహారం కాదు. ఆవిడకి మాయ ఇబ్బందిలో ఉన్నట్టుంది."

"అయితే కడుపుతో ఉన్నట్టే అంటావు."

"ఉన్నట్టేమిటండీ, ఉన్నారు! కావలసినన్ని గుర్తులు కనిపిస్తుంటే!"

"ఎన్నో నెల ఉండొచ్చు?"

"లెక్కని బట్టి ఎంత తక్కువన్నా అయిదు దాటి ఉంటాయండీ."

మాస్టారు కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టారు. ఎడమచేతి చొక్కా గుండీ విప్పి, చేతిని మోచేయి పైదాకా మెల్లిగా మడిచారు. మోచేతి మడతలో చిన్న దూది ఉండ, దాని మీద ఇంకా తీయని ప్లాస్టరు.

చారుశీల ప్లాస్టరు చూసింది. మాస్టారి మొహం చూసింది. మళ్ళీ ప్లాస్టరు చూసింది.

"అందుకే కాబోలు," అన్నారు మాస్టారు, "మొన్నటినుంచీ పచ్చి చింతకాయ మీదికి మనసు పోతోంది."

ఆయన మొహంలో నవ్వు లేదు. అదే వచ్చిన చిక్కు. ఆ గంభీరమైన మొహం చూసి చారుశీలకి ముందు నవ్వు తన్నుకొచ్చింది, వెంటనే ఏడుపూ వచ్చింది. రెండూ కలిసి ఒక వింత చప్పుడయింది.

"మిషను పాడైందండీ," అంది కళ్ళు తుడుచుకుని.

మాస్టారు తల అడ్డంగా ఊపారు.

"ట్యూబులు తారుమారయి ఉంటాయి."

మళ్ళీ ఊపారు.

"మరైతే మీ రక్తంలో మీవి కాని గుర్తులు ఎక్కణ్ణుంచి వచ్చాయండీ? బిడ్డా లేదు, మాయా లేదు. మీదీ కాక, బిడ్డదీ కాక, ఇంకెవరిదండీ?"

మాస్టారు జేబులోంచి దూది చుట్టిన పుల్ల ఒకటి తీసి ఆమె ముందు పెట్టారు. ల్యాబులో పనిచేసేవాళ్ళకి ఆ పుల్ల దేనికో చెప్పక్కర్లేదు. బుగ్గ లోపల రాసి, ఆ మనిషి గుర్తులేమిటో చూడ్డానికి.

చారుశీల పుల్లని చూస్తూ నిలబడిపోయింది. గడ్డం కింద వేళ్ళాడుతున్న మాస్కు మీదికి చెయ్యి తనంతట అదే వెళ్ళింది. పెద్దమనుషుల చప్పట్లు గుర్తొచ్చాయి. మూత తీసిన ట్యూబు మీదికి వంగి తను చెప్పిన మాటలన్నీ గుర్తొచ్చాయి. ఒక్కొక్క మాట వెంటా ఎంతెంత ఉమ్మి తుంపర పడి ఉంటుందో, ఆ లెక్క వెయ్యడానికి మిషను అక్కర్లేకపోయింది.

ఆ బోసి చేతుల పిల్ల కింద కూర్చుని ఉంది. ఇంకో పావుగంట పోతే, నీకు మళ్ళీ ఆ గండమే రాబోతోందని ఆ పిల్లతో చెప్పేసి ఉండేది.

చారుశీల పుల్ల తీసుకుని బుగ్గ లోపల రాసుకుంది. ట్యూబులో వేసి మూత బిగించింది. ఒక్క మాట మాట్లాడకుండా మెట్లు దిగింది.

* * *

"ఏటండి డాట్రమ్మగోరూ, ఏమైందండి?" కాసులమ్మ లేచి నిలబడింది. నూకరత్నం లేవలేదు. చూపు నేల మీంచి తిప్పలేదు.

చారుశీల ఆ పిల్ల పక్కనే బెంచీ మీద కూర్చుంది.

"ఇంకోసారి రక్తం ఇవ్వాలమ్మా. మొన్నటిది నేను పాడుచేశాను. తప్పు నాదే."

"నాకేం కాలేదాండి మరి?" నూకరత్నం తలెత్తి అడిగింది.

"నాకింకా తెలీదు. తెలిసినప్పుడు నేనే వచ్చి చెబుతాను."

కాసులమ్మ హమ్మయ్య అని మళ్ళీ కూలబడింది. "ఇంతేనాండి! మీ మొకం సూసి నా పైపానాలు పైనే పోయాయి. పాడైతే ఇంకోటి తీసుకోండి, అదేమన్నా వలేసి పట్టాలా? నూకరత్తం, సెయ్యి సాపు."

ఆ మధ్యాహ్నం చారుశీల తన బుగ్గ గుర్తులూ, మాస్టారి రక్తంలో దొరికిన పరాయి గుర్తులూ పక్కపక్కన పెట్టి చూసింది. ఒక్కటీ తేడా లేదు. నూకరత్నం మొదటి ట్యూబులో కూడా చారుశీలే ఉంది, నిండుగా.

కొత్తగా తీసిన రక్తానికి మాత్రం మాస్కు ముక్కు మీదికి లాగి, మూలనున్న అద్దాలపెట్టెలో చేతులు పెట్టి, దాని అద్దం వెనక కూర్చుని, పెదవి కదపకుండా పని ముగించింది. ఫ్రిజ్జుకి కూడా ఏమీ చెప్పలేదు.

లెక్క వచ్చింది. ఆ నెలలో తల్లులందరికీ ఉండేటంతే ఉంది.

ఆమె ఇంకోసారి చేసింది. మళ్ళీ అంతే వచ్చింది.

అప్పటినుంచీ చారుశీల పూర్తిగా మూగదైపోయింది. ల్యాబులో టీ కావాలన్నా సైగ చేసేది. గోడ మీది అట్ట తీసేయబోయింది. మాస్టారు వద్దన్నట్టు చెయ్యి ఊపారు. చారుశీల కలం తీసుకుని, ఆ వాక్యం కింద చిన్న అక్షరాలతో ఇంకో మాట చేర్చింది. "తల్లిది కానిది బిడ్డది, నాది కాకపోతే."

మాస్టారు కుర్చీలోంచి లేచి వచ్చి అట్ట చదివారు. ఈసారి నవ్వారు. ఆయన పళ్ళు చూడ్డం ల్యాబులో వాళ్ళకి అదే మొదలు.

"మాట్లాడమ్మాయ్," అన్నారు. "మూత పెట్టి ఉన్నప్పుడు మాట్లాడచ్చు."

* * *

చారుశీల తనే కిందికి వెళ్ళి నూకరత్నానికి చెప్పింది. ఎక్కువ చెప్పలేదు. "ఇప్పటికి లెక్క మామూలుగానే ఉంది. ఇది ఇంకా నేర్చుకుంటున్న పరీక్ష. అందుకని వారం వారం బీపీ చూపించుకోవడం మానకండి. కళ్ళు బైర్లు కమ్మినా, మొహం ఉబ్బినా ఆ పూటే రావాలి."

"మరి గాజులో?" అంది కాసులమ్మ.

"కొనుక్కోండి. నాకూ డజను కొనండి."

నూకరత్నం మొహం అప్పుడు చూడాలి. అత్తగారి భుజమ్మీద తలవాల్చి ఏడుస్తూ నవ్వింది. కాసులమ్మ వేసిన కేకకి వార్డులో నిద్రపోతున్న పసిపిల్లలందరూ లేచి అందుకున్నారు. నర్సులు ఆ రోజు వాళ్ళని జోకొట్టలేక చచ్చారు.

ఏడో నెలలో సీమంతం అయింది. మర్నాడు కాసులమ్మ చలిమిడీ గాజుల మలారమూ పట్టుకుని మేడమీదికి వచ్చింది. చారుశీల చేతులకి ఆకుపచ్చ గాజులు తొడుగుతూ ఉంటే, చారుశీలకి ఉండబట్టలేదు. ట్యూబులన్నిటికీ మూతలు పెట్టి ఉన్నాయో లేదో ఓసారి చూసుకుని, మాస్టారి కడుపు సంగతి మొదటినుంచీ చివరిదాకా చెప్పేసింది.

కాసులమ్మ పొట్ట పట్టుకుని నవ్వింది. నవ్వి నవ్వి చెంగుతో కళ్ళు ఒత్తుకుని, మాస్టారి ముందు చతికిలబడింది.

"సెయ్యి ఇలా ఇవ్వండి బాబుగోరూ. ముత్తైదువులం, ఒట్టి సేతుల్తో వదిలేత్తామా!"

మాస్టారు బుద్ధిగా చెయ్యి చాపారు. ఎంత తిప్పినా గాజు పిడికిలి దాటలేదు. ఆయన దాన్ని తీసుకెళ్ళి, ట్యూబులు తెరిచే అద్దాలపెట్టె కొక్కేనికి తగిలించారు. సరిగ్గా చారుశీల కూర్చుంటే కళ్ళకెదురుగా వచ్చేచోట.

నెలలు నిండాక ఒక మధ్యాహ్నం కింద నుంచి కాసులమ్మ కేక వినిపించింది. దాని వెనకే ఇంకో సన్నటి కేక. ల్యాబులో చారుశీల చేతిలో ఉన్న ట్యూబుకి మూత బిగించి, ఆ తరవాతే మెట్ల మీద పరిగెత్తింది. తల్లీ బిడ్డా చల్లగా ఉన్నారు. నూకరత్నం చేతుల నిండా గాజులు అలాగే ఉన్నాయి.

ఆ ఏడాది విరాళాల పెద్దమనుషులు మళ్ళీ మేడమీదికొచ్చారు. పోయినసారి చెప్పిన అమ్మాయి చాలా బాగా చెప్పిందని, కొత్తవాళ్ళని కూడా వెంటబెట్టుకొచ్చారు. చారుశీల అద్దం వెనక మాస్కు పెట్టుకుని కూర్చుని ఉంది. చేతిలో ఎవరో తల్లి రక్తం. మూత అప్పుడే తీసింది.

"ఏమమ్మా, బాగున్నావా? మావాళ్ళకి ఓసారి చెప్పు," అన్నాడు పోయినసారి కళ్ళు తుడుచుకున్నాయన. "అక్కడ ఆ గాజు ఏమిటి?"

చారుశీల తలెత్తలేదు. తేట గిన్నెలో చుక్కచుక్కగా పడుతోంది.

పెద్దమనుషులు ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. ఆయన మళ్ళీ అడగబోయాడు. అప్పుడు ల్యాబు చివర కుర్చీలో పేపరు కిందికి దిగింది.

"ఆగండి," అన్నారు తారకం మాస్టారు. "ఇప్పుడు బిడ్డ మాట్లాడుతోంది."